జీతమున్నోడి మాటకు నిఘంటువులో జాగ లేదా?

వాడ మాటలు – 9వ భాగం

పోయిన వారం డప్పు గురించి రాసిన. ఈ వారం లంద గురించి, తంగేడు చెక్క గురించి రాస్తానని మాటిచ్చిన. మాట తప్పుతున్న, ఏమనుకోవద్దు. నడుమ ఒక లొల్లి వచ్చిపడ్డది. అది చెప్పకుంటే నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

విద్యార్థుల కోసం జాతీయాల నిఘంటువు ఒకటి తయారైతున్నది. ఎవరు చేస్తున్నరో ఇక్కడ రాయను. నా కొట్లాట మనుషులతోని కాదు, పద్ధతితోని. తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డి చేసినదాన్నని, ఈ దిక్కు మాట తెలిసినదాన్నని నన్ను గూడ పిలిచిండ్రు. పాత నల్లగొండ జిల్లా పలుకుబళ్లు ఏరి తెమ్మన్నరు. సంబురంగా ఒప్పుకున్న. మా మేళ్లచెరువు పోయి నాయినమ్మ కాడ నాలుగు రోజులు కూసున్న. మేళ్లచెరువంటే బయటోళ్లకు శివరాత్రి జాతర, సిమెంటు ఫ్యాక్టరీలు యాదికొస్తయి. నాకు మా వాడలోని అరుగులు, ఆ అరుగుల మీది మాటలు యాదికొస్తయి. 40 మాటలు రాసుకొని పోయిన.

మూడో సమావేశంలో నా కాగితం మీద ఎర్ర గీతలు పడ్డయి. మొదటి గీత ‘జీతముండు’ మీద పడ్డది.

“ఇది జాతీయం కాదు మేడం. ‘జీతం’ నిఘంటువులో ఉంది, ‘ఉండు’ ఉంది. రెండూ కలిపితే అర్థం వచ్చేస్తుంది కదా?” అన్నరు ఒక పెద్ద సారు.

“సార్, ‘మా తాత దొర కాడ జీతమున్నడు’ అంటే మీకేమర్థమైంది?” అని అడిగిన.

“దొర దగ్గర జీతానికి పనిచేశాడు.”

“నెలకెంత సార్?”

ఆయన మాట్లాడలేదు. మాట్లాడనందుకు ఆయన్ను తప్పుపట్టను. ఆ మాట ఆయన ఇంట్లో ఎన్నడూ పుట్టలేదు.

మీలో చానామంది తాతలు జీతమున్నోళ్లే. అయినా పట్నంలో చదువుకునే పిల్లల కోసం చెప్తున్న. జీతమున్నోడికి మనం ఇయ్యాల అనుకునే జీతం ఉండదు. ఉగాదికి కుదురుతడు, మళ్లీ ఉగాది దాక దొర మనిషి. ఏడాదికి ఇన్ని వడ్లని, ఓ గొంగడని, ఓ చెప్పుల జోడని మాట్లాడుకుంటరు. ముందుగాల తెచ్చుకున్న అప్పు ఉంటే ఆ వడ్లు గూడ దానికిందికే పోతయి. పొద్దు పొడవకముందే కొట్టంలో పెండ తీస్తడు, ఎడ్లకు మేతేస్తడు, నాగలి కడతడు, రాత్రి ఆ ఎడ్ల పక్కనే పండుకుంటడు. పిల్లకు జరమొచ్చిందన్నా అడిగి రావాలె. మా తాత అట్ల ఉన్నడు. ఎన్నేండ్లో ఆయనకే లెక్క లేదు. “మీ నాయిన పుట్టకముందుకెళ్లి” అంటది నాయినమ్మ.

ఇప్పుడు వ్యాకరణం చూడుండ్రి. ‘ఆయనకు జీతం ఉంది’ అంటే జీతం ఒక వస్తువు, అది ఆయనది. ‘ఆయన జీతమున్నడు’ అంటే కర్త మారింది. ఉన్నది జీతం కాదు, మనిషి. మనిషే జీతంగా ఉన్నడు. ఈ రెండు వాక్యాల నడుమ ఉన్నది ఒక విభక్తి తేడా మాత్రమే కాదు, ఒక మనిషి బతుకంత తేడా. వెట్టిని రద్దు చేస్తూ పార్లమెంటు 1976లో చట్టం చేసింది. ఆ చట్టం దేన్ని రద్దు చేసిందో మా నాయినమ్మ రెండు మాటల్లో చెప్పింది. ఆ రెండు మాటలనే మావోళ్లు ఎర్ర పెన్నుతోని కొట్టేసిండ్రు.

సరే, కోపం పక్కన పెడదాం. ఏ పలుకుబడికి నిఘంటువులో సొంత ఆరోపం ఇయ్యాలె అనేది ఒక శాస్త్రం. దానికి కొలతలున్నయి. ఆ పెద్ద సారే మొదటి రోజు మాకు మూడు కొలతలు చెప్పిండ్రు.

ఒకటి, విడి మాటల అర్థాలు కూడితే మొత్తం అర్థం రావొద్దు. ఇంగ్లీషోళ్ల ‘కిక్ ద బకెట్’ను ఉదాహరణ ఇచ్చిండ్రు. దాంట్లో తన్నుడూ లేదు, బకెట్టూ లేదు. సచ్చిపోవుడు ఉంది. మన ‘నీళ్లు నములు’ కూడ అంతే. రెండు, అది గడ్డకట్టిన మాటై ఉండాలె. ఒక ముక్క తీసి అదే అర్థమున్న ఇంకో ముక్క పెడితే చెడిపోవాలె. ‘మంచినీళ్లు నమిలిండు’ అంటే నవ్వుతరు. మూడు, ప్రామాణిక రచనల్లో ప్రయోగం ఉండాలె.

మొదటి రెండు కొలతలకు నేను దండం పెడత. నా 40 మాటలను వాటితోనే నేనే కొలిచిన. 17 నేనే తీసేసిన. ‘డప్పు కాపు’ తీసేసిన. మంట కాడ డప్పును వేడి చేసుడే దాని అర్థం, అది వృత్తిపదాల్లో ‘డప్పు’ కింద ఉండాలె, జాతీయాల్లో కాదు. ‘చెప్పులు కుట్టు’ తీసేసిన. మన వాడ మాట అయినంత మాత్రాన ప్రతిదీ జాతీయం కాదు. వాళ్ల లెక్క తప్పని చెప్పాలంటే ముందు మన లెక్క సరిగ్గ ఉండాలె.

మిగిలిన 23లో నాలుగు మాటలు మీ ముందు పెడుతున్న. మీరే కొలవండ్రి.

‘జీతముండు’ చెప్పిన. ‘వేతనముండు’ అనండ్రి, మాట సచ్చిపోతది. రెండు కొలతలకూ నిలబడ్డది.

‘రెండు గ్లాసులు’. “ఆ ఊరి హోటల్లో ఇంకా రెండు గ్లాసులే” అన్నప్పుడు అక్కడ గ్లాసులు 50 ఉండొచ్చు. మాట చెప్పేది గ్లాసుల లెక్క కాదు, మనుషుల లెక్క. ‘మూడు గ్లాసులు’ అనండ్రి, ‘రెండు లోటాలు’ అనండ్రి, అర్థం ఎగిరిపోతది. నిలబడ్డది.

‘నీ బాంచెన్ కాల్మొక్త’. 1946 నుంచి 1951 దాక నల్లగొండ పల్లెల్లో జనం తుపాకి పట్టింది ఈ మాట నోట్లకెళ్లి పోవాలెననే. ఇయ్యాల హాస్టల్లో పిల్లలు “నీ బాంచెన్, ఒక్క సిగ్నల్ దొరికేదాక ఆగరా” అని నవ్వుకుంట అంటరు. ఒకే మాట, గడి ముందు ఒక అర్థం, హాస్టలు మెట్ల మీద ఇంకో అర్థం. రెండూ రాయాలె. నిఘంటువు పని అదే.

‘మస్టరు పడు’. ఉపాధిహామీ పని కాడ, సిమెంటు ఫ్యాక్టరీ గేటు కాడ మా వాడ ఆడోళ్ల నోట్లో రోజూ నానే మాట. “ఇయ్యాల మస్టరు పడలే” అంటే ఏదో కింద పడలేదని కాదు, కూలి పోయిందని. తాత జీతమున్నడు, మనవడికి మస్టరు పడాలె. ఒక ఇంటి మూడు తరాల చరిత్ర ఈ రెండు పలుకుబళ్ల నడుమ ఉంది.

ఇవన్నీ కొట్టేసిండ్రు. ఏ కొలత మీద? మూడోదాని మీద. “ప్రామాణిక ప్రయోగం లేదు మేడం.”

అప్పుడు నేను వాళ్ల జాబితా తెరిచిన. అందులో ‘బాల్చీ తన్ను’ ఉంది. ‘మొసలి కన్నీరు’ ఉంది. ‘తెల్ల ఏనుగు’ ఉంది. ‘ఎర్ర తివాచీ పరుచు’, ‘పచ్చజెండా ఊపు’ ఉన్నయి. ఇవన్నీ ఇంగ్లీషు నుంచి తెచ్చి తెలుగు బట్ట కట్టినవి. ఏ ప్రబంధ కవి తివాచీ పరిచిండు? ఏ శతకంలో బాల్చీ తన్నిండ్రు? ఇవి పత్రికల్లో పుట్టి, పత్రికల్లో పెరిగి, నిఘంటువులోకి నడుచుకుంట వచ్చినయి. రావొద్దని నేను అనను. వాడుకలో ఉన్నయి, అర్థం విడి మాటల్లో లేదు, జాగ ఇయ్యాల్సిందే. నేను అడిగేది ఒక్కటే: సముద్రం అవతలి బాల్చీకి అక్కర లేని ‘ప్రామాణిక ప్రయోగం’ ఊరవతలి గ్లాసుకు ఎందుకు కావాలె?

ఇంకా చూడుండ్రి. శఠగోపం పెట్టు, పంగనామాలు పెట్టు, తిలోదకాలిచ్చు, అష్టోత్తరం చదువు, బ్రహ్మరథం పట్టు, శ్రీరంగనీతులు, రామాయణంలో పిడకల వేట. అన్నీ మంచి పలుకుబళ్లే, నేనూ వాడత. కానీ వరుసగ చదివితే ఒక గర్భగుడి కనబడతది. మా నాయినమ్మ నెత్తి మీద ఏ పూజారీ శఠగోపం పెట్టలేదు. ఆమె చిన్నతనంలో గుడి గడప ఆమెకు అందలేదు. ఆమె మనవరాలు పరీక్షలో ‘శఠగోపం పెట్టు’కు సొంతవాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నది. ఆమె బతుకులోని మాటకు మాత్రం సొంతవాక్యం రాసే జాగ ఇయ్యాలటికీ లేదు.

ఈ మూడో కొలత ఎక్కడికెళ్లి వచ్చిందో సాహిత్యం చదివే పిల్లలు తెలుసుకోవాలె. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాసినప్పుడు లక్షణానికి విరుద్ధమైన భాషకు ‘గ్రామ్యం’ అని పేరుపెట్టిండు. ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో పుట్టింది, జయంతి రామయ్య పంతులు దాని పెద్ద. పిఠాపురం మహారాజా పోషణలో ఆ పరిషత్తు సూర్యరాయాంధ్ర నిఘంటువును తలపెట్టి 1936లో మొదటి సంపుటం తెచ్చింది. అది చిన్న పని కాదు, నా పరిశోధన అంతా దాన్ని పక్కన పెట్టుకునే చేసిన. కానీ దాని పునాది గ్రంథస్థ భాష. కావ్యంలో కవి వాడితే మాట, వాడకపోతే మాట కాదు. ఇప్పుడు లెక్క చూడుండ్రి: అక్షరం మనకు రానియ్యలేదు. అక్షరం రాలేదు కాబట్టి మనం కావ్యం రాయలేదు. కావ్యంలో లేదు కాబట్టి మన మాట నిఘంటువులో లేదు. నిఘంటువులో లేదు కాబట్టి అది మాట కాదు. తలుపుకు గొళ్లెం పెట్టి, “లోపలికి ఎందుకు రాలేదు?” అని అడిగినట్టుంది.

“మరి గిడుగు వచ్చి వాడుక భాషను గెలిపించలేదా?” అంటరు. గెలిపించిండు. సవరల భాష నేర్చుకొని దానికి నిఘంటువు చేసిన మనిషి, నేను గౌరవిస్త. అయినా ఆ ఉద్యమం గెలిపించిన భాష పేరేంది? శిష్టవ్యావహారికం. వాడుకలో గూడ ముందు శిష్టులను ఏరిండ్రు. గ్రంథం గడప దాటినం గానీ అరుగు కాడ ఆగినం. వాడ దాక రాలేదు.

వచ్చినోళ్లు లేరని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో తెచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది, 1971లో వచ్చింది చేనేత పదాలది. రైతుల దగ్గరికి, నేతగాళ్లు మగ్గం నేసే కాడికి పోయి, వాళ్ల నోట విని రాసిన మాటలవి. అంటే నోటిమాట సాక్ష్యంగా చెల్లుతదని తెలుగు నిఘంటు శాస్త్రం 60 ఏండ్ల కిందనే ఒప్పుకుంది. మన జిల్లా బిడ్డ రవ్వా శ్రీహరి సూర్యరాయాంధ్రం వదిలేసిన మాటలను ఏరి 2004లో శ్రీహరి నిఘంటువు వేసిండు. నలిమెల భాస్కర్ ఒక్కడే కూసోని తెలంగాణ పదకోశం చేసిండు. దారి పడి ఉంది. నడువమని అడిగితే “దారి లేదు” అంటున్నరు.

ఇంకా రచనే కావాలంటరా? అదీ ఉంది. జాషువా గబ్బిలం ఉంది. 1995లో వచ్చిన చిక్కనవుతున్న పాట ఉంది. గోగు శ్యామల కథల్లో వాడ ఆడోళ్ల నోరు ఉన్నదున్నట్టు ఉంది. ఇవి ప్రామాణిక రచనలు కావంటే ఆ మాట బయటికి చెప్పండ్రి. మేము మా క్లాసుల్లో పాఠంగా చెప్పే పుస్తకాలు నిఘంటువుకు మాత్రం సాక్ష్యం ఎందుకు కావు?

ఇగ రెండో లొల్లి. ఇది మొదటిదానికన్న కష్టం. మన దాంట్లోనే దీని మీద రెండు మాటలున్నయి.

ఆ జాబితాలో మాల, మాదిగ పేర్ల మీద ఉన్న సామెతలు నాలుగున్నయి. ఇక్కడ రాయను, మీరు వినే పెరిగిండ్రు. వాటికి ఎదురుగ ‘అల్పబుద్ధి’, ‘శుభ్రత లేకపోవుట’ అని అర్థాలు రాసి ఉన్నయి. అంతే. తిట్టని లేదు, ఎవరు ఎవరిని అంటరో లేదు. మాది ‘గ్రామ్యం’ అని చెప్పనీకి ముద్ర ఉంది, మమ్మల్ని తిట్టేది ‘తిట్టు’ అని చెప్పనీకి ముద్ర లేదు.

నేను లేస్తే పెద్ద సారు వెంటనే, “తీసేద్దాం మేడం, గొడవెందుకు?” అన్నరు. మా కాలేజీలోని ఒక దళిత తమ్ముడు గూడ అదే అన్నడు. “అక్కా, నా బిడ్డ రేపు ఆ పుస్తకం తెరుస్తది. ఆ పేజీ ఎందుకుండాలె?” ఆ తమ్ముడి బాధ నాకు తెలుసు. నాకూ బిడ్డ ఉంది.

అయినా నేను తీయొద్దన్న. ఎందుకో చెప్తా.

పిలుపును ఆపుడు వేరు, సాక్ష్యాన్ని చెరిపేసుడు వేరు. 2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాయీబ్రాహ్మణులను కించపరిచే పిలుపులను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మంచిది. బజార్లో ఆ మాట అనొద్దు. కానీ రేపు ఒకడు అంటడు. కేసు అయితది. “అది తిట్టే కాదు సార్, మా ఊరి సామెత” అని వాడి వకీలు లేస్తడు. అప్పుడు కోర్టు ఏం చూడాలె? 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. ‘చమార్’ అనేది కులం పేరే గదా, తిట్టెట్లయితది అన్న వాదన వస్తే, మాట వ్యుత్పత్తి కాదు, జనం వాడుకలో దానికొచ్చిన అర్థం చూడాలెనని చెప్పింది. నిఘంటువు పనిచేసేటోళ్లకు ఇంతకన్న మంచి పాఠం లేదు. జాతీయానికి మొదటి కొలత ఏంది? విడి మాటల అర్థం కాదు, వాడుక అర్థం. కోర్టు అదే కొలత పట్టింది. అట్రాసిటీ చట్టం కింద, నలుగురి ముందర కులం పేరుతో దూషించుడు నేరం. ఆ దూషణకు అర్థం రాసి, ‘కుల దూషణ’ అని ముద్ర వేసిన నిఘంటువు బాధితుడి చేతిలో కాగితం అయితది. తీసేస్తే తిట్టినోడికి లాభం. వాళ్ల తాతలు ఏమన్నరో వాళ్ల మనవలకు తెల్వకుండ పోతది. మనకు మాత్రం యాదుంటది.

ఇక్కడ ఒక తెలివైన పిల్ల నన్ను అడగొచ్చు: “మేడం, వాడుక అర్థమే చూడాలంటే ‘కూర చండాలంగా ఉంది’ అనేటోళ్లకు కులం మనసులో లేదు గదా?” నిజమే, చానామందికి లేదు. కానీ వాడుక అంటే అనేటోడి నోరు ఒక్కటే కాదు, వినేటోడి చెవి గూడ వాడుకే. ఒక మనిషి పేరు చెడ్డ రుచికి పేరైంది, ఆ మనిషి మనవడు అదే బల్ల మీద కూసోని తింటున్నడు. అందుకే ఆ ఆరోపంలో మూడు సంగతులు రాయమన్న: ఎక్కడికెళ్లి వచ్చింది, ఇప్పుడు ఏ అర్థంలో వాడుతున్నరు, ఎవరికి గుచ్చుకుంటది. నిషేధించమనలేదు. తెలిసి మాట్లాడనీ అన్న.

మాట అర్థం మార్చే బలం మనకు లేదా? ఉంది. దండోరా అంటే ఒకప్పుడు ఎవడో చెప్పింది ఊరంతా చాటే వెట్టి పని. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో అది ఉద్యమానికి పేరైంది. వెలివాడ అంటే ఊరు మనల్ని నెట్టేసిన జాగ. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల, అతని దోస్తులు తాము వేసుకున్న గుడారానికి ఆ పేరే పెట్టుకున్నరు. ఆ రోజునుంచి ఆ మాటకు రెండో అర్థం వచ్చింది. ఆ రెండో అర్థం తారీఖుతో సహా రాయని నిఘంటువు 2016 కన్న ముందే ఆగిపోయినట్టు.

మనమొక్కరమే అడుగుతలేం. ఆఫ్రికన్ అమెరికన్ల ఇంగ్లీషు కోసం సొంత నిఘంటువు చేస్తున్నట్టు ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2022లో ప్రకటించింది. హెన్రీ లూయిస్ గేట్స్ దానికి ప్రధాన సంపాదకుడు. ఒకప్పుడు ‘తప్పు ఇంగ్లీషు’ అన్నదాన్నే ఇప్పుడు ఆధారాలతో రాస్తున్నరు.

మా సమావేశం ఎట్ల ముగిసిందంటరా? నా 23లో 5 మాటలు నిలిచినయి. ‘జీతముండు’ లేదు. ‘రెండు గ్లాసులు’ లేదు. ఆ నాలుగు సామెతలకు ముద్ర వేస్తమని గానీ వెయ్యమని గానీ చెప్పలేదు, “చూద్దాం” అన్నరు. చివరి కాగితం మీద సంతకం అడిగితే నేను పెట్టలేదు. నా పేరు తీసేస్తరు కావచ్చు. నాది కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదేడాదికి కొత్తగ రాయించుకునేది. ఇంటికొచ్చి చెప్తే నాయినమ్మ నవ్వింది. “అంటే నువ్వు గూడ జీతమున్నట్టే గదనే బిడ్డా” అన్నది. ఆ వాక్యాన్ని గూడ తారీఖు వేసి రాసుకున్న. మావోళ్లు అడిగిన ప్రయోగం ఇదే.

ఇప్పుడు మీకో పని. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మమ్మ కాడ, నాయినమ్మ కాడ కూసోండ్రి. ఒక్కో పలుకుబడికి ఒక్కో చీటీ. చీటీ మీద ఐదు సంగతులు: ఆమె అన్న మాట ఆమె అన్నట్టే, ఆమె వాడిన పూర్తి వాక్యం, ఎవరు ఎవరితోని ఎప్పుడు అంటరో, ఊరి పేరు, తారీఖు. ఆమె పేరు రాయాలంటే ముందు ఆమెను అడగండ్రి. తర్వాత పైన చెప్పిన రెండు కొలతలు పెట్టండ్రి. నిలబడకపోతే మొహమాటం లేకుండ తీసేయండ్రి. నిలబడ్డవాటిని నాకు పంపండ్రి. వాళ్లు వేసినా వేయకపోయినా మనం వేసుకుందాం. తిట్లు గూడ పంపండ్రి, ముద్ర నేను వేస్త.

వచ్చే వారం తప్పకుండ లంద గురించి.

జై భీమ్.